వంతెన కింద ఆగిపోయే కారు

రైలు వంతెన కింద ఉన్న పల్లానికి మంచి పేరు లేదు. పగలు ఎంతమంది తిరిగినా, చీకటి పడ్డాక అటు వెళ్ళే బళ్ళు హారన్ కొట్టి మరీ దిగుతాయి. ఎందుకయ్యా అంటే... అక్కడ ఒకావిడ ఉంటుందట. మనుషుల్ని ఏమీ అనదు. బండిని మాత్రం ఆపేస్తుంది.

"అలాంటివేం లేవు" అనేవాడు కరెంటన్న. కార్లకు వైరింగు పని చేస్తాడు కాబట్టి వీధంతా అతన్ని అలాగే పిలుస్తుంది. ఆ మాట కూడా పట్టపగలు, షాపులో, నలుగురి మధ్య కూర్చుని అనేవాడు. రాత్రిపూట ఆ దారిన ఒక్కసారైనా వెళ్ళిన పాపాన పోలేదు.

అతని చెల్లెలికి ఆ వెసులుబాటు లేదు. ఆమె కారు నడిపి బతుకుతోంది. డ్యూటీ దిగిన నర్సుల్ని ఇళ్ళకు చేర్చడం ఆమె పని. ఆసుపత్రి నుంచి వచ్చే దారి ఆ ఒక్కటే. ఈమధ్య కారు సరిగ్గా పల్లంలోకి దిగగానే దగ్గి, వణికి, చల్లబడిపోతోంది. నర్సులు హడలిపోయి వేరే బండి చూసుకుంటామన్నారు. ఆమె భర్త ఇంకో అడుగు ముందుకేసి, దెయ్యం పట్టిన బండి మనకొద్దంటూ కొనేవాణ్ణి కూడా కుదిర్చాడు. పొద్దున్నే వచ్చి తోలుకుపోతాడట.

"కారు పోతే నా బతుకుతెరువు పోయినట్టే అన్నయ్యా. ఈ రాత్రే చూడు" అంది చెల్లెలు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అన్నయ్య మనసు కరిగింది గానీ కాళ్ళు కదల్లేదు.

"ఆక్సిజన్ సెన్సర్ రెండుసార్లు మార్చాను కదమ్మా. ఇంకేముంటుంది చూడ్డానికి?"

ఆ సెన్సర్ కారు పొగగొట్టానికి ముక్కులాంటిది. పొగను వాసన చూసి, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో కబురు పంపుతుంది. ఎక్కువైందని తప్పుడు కబురు వెళ్ళిందా, ఇంజనుకు పెట్రోలు తగ్గిపోయి ప్రాణం మీదికొస్తుంది. అంతవరకూ కరెంటన్నకు తెలుసు. కొత్త ముక్కు పెట్టాక కూడా కారు ఎందుకు ఆగుతోందో తెలియదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, లోలోపల అతను కూడా నేరం ఆవిడ మీదికే నెట్టేశాడు.

కానీ చెల్లెలి మొహం చూశాక కాదనలేకపోయాడు. ఇద్దరూ బయల్దేరారు.

దారంతా కారు బుద్ధిగానే నడిచింది. పల్లంలోకి దిగింది... అడుగున ఉన్న గతుకులో దబ్బుమని పడింది... అంతే! ఇంజను దగ్గింది... వణికింది... ఆగిపోయింది.

చిమ్మచీకటి. వంతెన మీంచి నీళ్ళు కారుతున్నాయి... టప్... టప్...

"చూశావా?" గుసగుసగా అంది చెల్లెలు.

"నేనున్నాగా" అన్నాడు కరెంటన్న, మేకపోతు గాంభీర్యంతో.

స్టీరింగు కింద, సెన్సర్ పంపే కబురును అంకెల్లో చూపే స్కానర్ తగిలించి ఆమె చేతికిచ్చాడు. వైరు జబ్బు పట్టుకోవాలంటే ఇద్దరు కావాలి. ఒకరు వైర్లు కదుపుతుంటే ఇంకొకరు అంకె చూసి చెప్పాలి.

"అంకె పైకీ కిందికీ ఆడుతుంటే మంచిది. నిలిచిపోతే చెప్పు."

ఇంజను మళ్ళీ స్టార్ట్ చేయించి, తలకు దీపం కట్టుకుని, ఓ కర్రముక్కతో కారు కిందికి దూరాడు. మొదటి వైరు కదిపాడు.

"ఆడుతోంది..."

రెండోది కదిపాడు.

"ఆడుతోంది..."

దీని గొంతు ఇంత బొంగురుపోయిందేమిటి? పాపం, భయం... అనుకున్నాడు. అతని పళ్ళు కూడా టకటకలాడుతున్నాయి మరి.

పొగగొట్టం పక్కనున్న వైరుకట్టను కర్రతో ఇలా నొక్కాడో లేదో...

"నిలిచిపోయింది!"

వదిలాడు. "ఆడుతోంది." నొక్కాడు. "నిలిచిపోయింది."

దొరికింది! దీపం వెలుగులో చూస్తే, వైర్ల మీది తొడుగు గొట్టం వేడికి కరిగిపోయి ఉంది. గతుకులో పడ్డప్పుడల్లా లోపలి రాగితీగలు ఒకదానికొకటి తగిలి తప్పుడు కబురు పంపుతున్నాయి. ఆ కట్టను గొట్టానికి దూరంగా పట్టి ఉంచాల్సిన క్లిప్పు లేదు. సెన్సర్ మార్చేటప్పుడు తీసినవాళ్ళు మళ్ళీ పెట్టలేదు. తీసిందెవరని అక్కడ ఎవరూ అడగలేదు, అయినా గుమ్మడికాయల దొంగలా కరెంటన్న భుజాలు తడుముకున్నాడు.

"ఇంజను ఆపమ్మా" అన్నాడు. ఆగింది. తీగలు విడదీసి, టేపు చుట్టి, కట్టను దూరంగా లాగి కట్టాడు. "ఇప్పుడు చెయ్" అన్నాడు. ఇంజను హాయిగా అందుకుంది.

"ఆడుతోంది..." అంది గొంతు. కాస్త ఆగి, మెల్లగా... "ఇంక ఇక్కడ ఆపకండి."

"అలాగేలేవే" అని నవ్వుకుంటూ బయటికొచ్చి, బట్టలు దులుపుకుని కారెక్కాడు. చెల్లెలు రొప్పుతూ వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. కారు గతుకులు దాటి, కిక్కురుమనకుండా ఎత్తెక్కింది. ఆమె పట్టలేనంత సంతోషంతో స్టీరింగు మీద ముద్దుపెట్టుకుంది.

"మీ ఆయనకి చెప్పు, కొనేవాణ్ణి రావద్దనమని."

"ఎప్పుడో చెప్పేశాను! బాగయినా కాకపోయినా నా కారు నేను అమ్మనని తెగేసి చెప్పాను."

"ఎప్పుడు చెప్పావే?"

"నువ్వు కిందికి దూరగానే ధైర్యమొచ్చింది. అక్కడ సిగ్నల్ లేదుగా, ఎత్తు మీదికెక్కి ఫోన్ చేశాను. పోట్లాట తెగేసరికి ఇంతసేపయింది. స్కానర్ సీట్లో పడేసి పోయానని తిట్టకన్నయ్యా... అయినా ఒక్కడివే ఎలా కనిపెట్టావు?"

కరెంటన్న గబగబా తన పక్క అద్దం పైకెత్తేశాడు.

"అయ్యో, నీ పనిముట్ల సంచి అక్కడే మర్చిపోయినట్టున్నావు. వెనక్కి తిప్పనా?"

"వద్దు... వద్దు" అన్నాడు. "ఉండనీ. పని వచ్చినావిడే."