పేరంటాలి గోడ

వైశాఖ బహుళ అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

సూర్యుడు నడినెత్తిన నిప్పులు చెరగవలసిన వేళ అది. కానీ ఆనాడు జంషెడ్‌పూర్ ఆకాశంలో సూర్యుడి జాడే లేదు. సువర్ణరేఖ మీదుగా లేచిన కాలమేఘాలు మాంగో బస్తీ వైపు కమ్ముకొచ్చి, పట్టపగలే వీధి దీపాలు వెలిగేటంత చీకటిని కుమ్మరించాయి. దిక్కులు పిక్కటిల్లేలా ఒక ఉరుము... దాని వెనుకే మరొకటి! కాకులు, పావురాలు ఎప్పుడో గూళ్ళకు చేరాయి. ఒక్క గుడ్లగూబ మాత్రం తవిటయ్య ఇంటి మీద, కొత్త స్లాబు కింద నిలబెట్టిన సెంట్రింగు కర్రల నడుమ చేరి, తన వేళ కాని వేళలో కూసింది.

వంటింటి గుమ్మంలో కూర్చున్న తవిటయ్య భార్య సింహాచలమ్మ ఆ కూత విని చెవులు మూసుకుంది. ఆమె ఎదుట, మొన్నటిదాకా గోడ ఉన్నచోట, పునాదికి తవ్విన నడుము లోతు గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. గోతికి ఇవతల పీట మీద, ఐదో నెల కడుపుతో ఉన్న కోడలు రోహిణి. గోతిలో... శివశంకర్!

వాడు వాస్తు పండితుడు. కనీసం సింహాచలమ్మ అలాగే అనుకుంది.

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని కెలికి చూడమని ఎవరూ అనలేదు. అయినా తవిటయ్య పోయిన నాలుగేళ్ళకు, కొడుకు పైడిబాబు ఇరుకు వంటిల్లు పెంచాలని, పైన ఇంకో గది వెయ్యాలని పని మొదలుపెట్టాడు. రెండు నెలల్లో తేల్చేస్తానన్నాడు మేస్త్రి. మేస్త్రి రెండు నెలలకు పంచాంగంలో లెక్క ఉండదు కదా! పని నడుమకు వచ్చేసరికి రోహిణి నెల తప్పిన సంగతి తెలిసింది. ఆ క్షణం నుంచి సింహాచలమ్మకు కంటి మీద కునుకు లేదు. కడుపుతో ఉన్న ఆడమనిషి ఉండగా ఆ ఇంట గునపం పడకూడదు. గోడ కూలితే కడుపు కూలుతుందని ఆమె అత్త చెప్పింది, అత్తకు అత్త చెప్పింది. పని ఆపమని కొడుకు కాళ్ళావేళ్ళా పడింది. పైకప్పు సగంలో వదిలేస్తే వానల్లో ఎక్కడ తలదాచుకుంటామని, ఇవన్నీ పాతకాలపు మాటలని, పైడిబాబు సగం హిందీలో, సగం తెలుగులో నచ్చజెప్పి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

భయం మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది. సాక్చి బజారులో పసుపు కొంటున్న సింహాచలమ్మ ఎదుటకు ఒకనాడు బక్కపలచని మనిషి వచ్చి నిలబడ్డాడు. ఇంట గునపం పడుతోందని, అదే ఇంట ఓ కడుపు నిండుతోందని చెప్పి, జాలిగా చూశాడు. సింహాచలమ్మ చేతులు జోడించింది. తన కాళ్ళకున్న సిమెంటు ధూళినీ, సంచీలోంచి కనిపిస్తున్న పుల్లమామిడికాయలనూ చూసే వాడు అలా చెప్పాడని పాపం ఆ ఇల్లాలికి తట్టలేదు. శాంతి చేయించి కోడలిని కాపాడుకుందామని తనే వాడిని వెంటబెట్టుకుని వచ్చింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

ఇంట్లో అడుగుపెట్టిన శివశంకర్ ఏ దిక్కూ చూడలేదు, ఏ కొలతా తియ్యలేదు. తిన్నగా వంటింటి గోడ దగ్గరకు వెళ్ళి, దానికి రెండు బారల దూరంలో ఆగిపోయాడు. ఆ గోడ మీద పసుపు పూత, మూడు కుంకుమ బొట్లు ఉన్నాయి. అది పేరంటాలి గోడ.

నాలుగు తరాల కిందట ఈ ఇంటి ఆడపడుచు ఒకామె, అత్తవారి ఊరి నుంచి పుట్టింటికి పురిటికి వస్తూ, ఏరు పొంగడంతో దారిలోనే చిక్కుకుపోయింది. ఏటి ఒడ్డున మూడు రోజులు నొప్పులు పడింది. బిడ్డ అడ్డం తిరిగింది. పుట్టింటి గడప చూడకుండానే తల్లీ బిడ్డా కన్నుమూశారు. ఆనాటి నుంచి ఆమె ఈ వంశానికి పేరంటాలు. ఏ ఊరు వెళ్ళినా, ఏ ఇల్లు కట్టినా, వంటింటి గోడ మీద ఆమెకు మూడు బొట్లు పెట్టి, పండక్కి చీర చూపించి, పప్పన్నం నైవేద్యం పెట్టడం ఆనవాయితీ. తవిటయ్య విజయనగరం వైపు నుంచి ఇనుము పనికి వచ్చినప్పుడు మూటలో బట్టలతో పాటు పాత గోడ మట్టి పిడికెడు తెచ్చుకున్నాడు. ఆ మట్టే ఈ గోడలో కలిపాడు.

పగుళ్ళిచ్చిన గోడలో దేవతను ఉంచడం అరిష్టమనీ, సాగనంపి తీరాలనీ శివశంకర్ తేల్చాడు. తన మంత్రంతో పోదట. ఇంటి పెద్దకోడలు తన నోటితో పొమ్మని చెప్పాలట. మూడు రోజుల కిందట సింహాచలమ్మ, వేపాకూ పసుపూ కలిపిన ముర్రాట నీళ్ళు గోడ మీద పోసి, కన్నీళ్ళతో ఆ మాట చెప్పేసింది. ఈ గడప దాటి వెళ్ళు తల్లీ అని. సాయంత్రానికల్లా కూలీలు గోడ పడగొట్టి, ఆ మట్టీ ఇటుకా బండికెత్తి సువర్ణరేఖ ఒడ్డున పారబోసి వచ్చారు.

ఆ రాత్రి నుంచే రోహిణి కడుపులో బిడ్డ కదలడం మానేసింది!

అప్పుడప్పుడే చేపపిల్లలా కదులుతున్న బిడ్డ... ఒక్కసారిగా నిశ్చలం! రోహిణి కళ్ళు తెరుచుకునే నిద్రపోయేది. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. పైడిబాబు ఆసుపత్రికి తీసుకెళితే, గుండె చప్పుడు బాగా నెమ్మదిగా ఉందని, మర్నాడు మళ్ళీ రమ్మని అన్నారు. మళ్ళీ వెళ్ళినా అదే మాట. అమావాస్య మధ్యాహ్నం చివరి శాంతి చేస్తే బిడ్డ లేచి కూర్చుంటాడని శివశంకర్ అభయమిచ్చాడు. కూలీలను ఆ రోజు రావద్దన్నాడు. పైడిబాబు ఉదయం షిఫ్టులో ఉండే వేళే ముహూర్తమన్నాడు. మనవడి ప్రాణం తప్ప మరేదీ కనిపించని సింహాచలమ్మ అన్నిటికీ తల ఊపింది.

ఇప్పుడు... ఆ ముహూర్తం వచ్చింది!

ఇంటికున్న మూడు గుమ్మాలకూ వాడు బూడిదతో గీతలు గీశాడు. గోతినీ, రోహిణి పీటనూ చుట్టి నల్లబియ్యం చల్లాడు. నిమ్మకాయలు కోసి కుంకుమలో అద్దాడు. తరువాత తను తెచ్చిన సిమెంటు గోనెలో చెయ్యి పెట్టి... మెల్లగా... అతి మెల్లగా... పైకి తీశాడు.

కపాలం!

పాతబడి పసుపెక్కిన నరకపాలం. కనుగుంటల్లో సింధూరం కూరి ఉంది. ఏ వాస్తు శాంతిలో కపాలం ఉంటుంది? సింహాచలమ్మ లేచి కోడలి దగ్గరకు పరుగెత్తబోయింది. నల్లబియ్యం గీత దగ్గరకు వచ్చేసరికి కాళ్ళు రెండూ నేలకు అతుక్కుపోయాయి. ఇదేమిటని, ఆపమని, వాడిని బతిమాలింది, తిట్టింది. శివశంకర్ తల తిప్పకుండానే మాట్లాడాడు. అంతకు ముందున్న జాలి ఆ గొంతులో లేదు.

"మీ పేరంటాలిని నేనేం వెళ్ళగొట్టలేదమ్మా. అది గోడలో ఉన్నంతకాలం ఈ ఇంట నా మంత్రం పారేది కాదు. నీ నోటితో నువ్వే పొమ్మన్నావు. ఇంటి పెద్దకోడలు పంపించేసిన దేవత ఏ పూజకీ తిరిగి రాదు."

పుట్టని ప్రాణం ఒకటి అమావాస్య మిట్టమధ్యాహ్నం ఆ కపాలంలో చేరితే, అది వాడు చెప్పినట్టల్లా ఆడుతుంది. అందుకే వాడు ఇళ్ళు కూల్చే చోట, కడుపులు పండే చోట తిరుగుతాడు. ఇదంతా వాడు దాచుకోకుండా చెప్పాడు. దాచవలసిన అవసరం ఇక లేదనుకున్నాడు.

"హ్రీం... క్రోం... ఛట్... ఛట్..."

బీజాక్షరాలు ఆ సగం గోడల మధ్య మారుమ్రోగాయి. ఫెళఫెళార్భటితో పిడుగు ఒకటి ఎక్కడో సమీపంలోనే పడింది. రోహిణి మెడ వెనక్కు వాలిపోయింది. కనుగుడ్లు తెల్లగా తిరిగాయి. జడ విడిపోయి జుట్టు పీట చుట్టూ పరుచుకుంది. ఆమె నోట్లోంచి వచ్చిన గొంతు ఆమెది కాదు... ఆడదాని గొంతే కాదు!

"బిడ్డనియ్యి... నాకు బిడ్డనియ్యి..."

ఆ మాటకు కపాలం గోతి గట్టు మీద తనంత తాను ఒక అంగుళం ముందుకు జరిగింది. రోహిణి రెండు చేతులూ తన కడుపును తానే బలంగా అదమసాగాయి. ఇల్లు అదిరేలా కేక పెట్టింది. ఈ కేక మాత్రం రోహిణిదే.

సింహాచలమ్మ నరసింహస్వామికి మొక్కింది, పైడితల్లికి మొక్కింది. ముడుపులు కట్టింది. నిలువుదోపిడీ ఇస్తానంది. గీత మీద ఒక్క బియ్యపు గింజ కూడా కదల్లేదు. పూజకు రాదన్నాడు వాడు. నిజమే కాబోలు. పొమ్మని చెప్పిన నోటితో మళ్ళీ పూజకు రమ్మంటే ఏ దేవత వస్తుంది? ఆమె కళ్ళ ముందు సువర్ణరేఖ ఒడ్డు మెదిలింది. తోసేసిన గోడ మట్టి మెదిలింది. వానలో, ఏటి ఒడ్డున, నిండు కడుపుతో ఒక్కత్తీ ఆ ఆడపడుచు... మళ్ళీ అలాగే!

అప్పుడు తట్టింది ఆ తల్లికి. నాలుగు తరాలుగా ఈ ఇంటివాళ్ళు ఆమెను పండక్కి పిలిచారు, నైవేద్యానికి పిలిచారు, మొక్కుకు పిలిచారు. ఆమె దేనికి బయలుదేరిందో, దానికి మాత్రం ఎవరూ పిలవలేదు.

సింహాచలమ్మ వీధి గుమ్మం వైపు తిరిగింది. అటు మాత్రం కాళ్ళు కదిలాయి. చెంగున కట్టుకున్న పసుపు తీసి గడపకు రాయబోయి ఒక్క క్షణం ఆగింది. విధవరాలి చెయ్యి, బొట్టు పెట్టి పిలవచ్చునా అని. కూతురిని పిలిచే చేతికి వైధవ్యమేమిటి! గడప నిండా పసుపు పులిమింది. ఉరుముల్లో వినబడుతుందో లేదో అని గొంతు చించుకుని కాదు, పక్కింటి అమ్మాయిని పిలిచినట్టే పిలిచింది.

"నాను నిన్ను పూజకి పిలవట్నేదు తల్లీ. నీ పుట్టింటికి పురిటికి రమ్మని పిలత్తన్నాను. మీ అమ్మనాగ పిలత్తన్నాను. ఆ ఏటొడ్డున ఒక్కర్తివీ ఉండకు. ఇంటికి రా."

గాలి ఆగిపోయింది. గుడ్లగూబ నోరు మూసింది. 

గుమ్మం బయట... తడికాళ్ళ చప్పుడు!

అడుగు వెనుక అడుగు. బరువుగా, నిండు నెలల మనిషి నడిచినట్టు, మధ్య మధ్య ఆగి ఆయాసం తీర్చుకుంటున్నట్టు. శివశంకర్ మంత్రం తప్పాడు. దేవతలను ఆపే గీత అది, దెయ్యాలను ఆపే గీత అది. పురిటికి వచ్చిన ఆడపిల్లను పుట్టింటి గడపలో ఆపే గీత ఏ తంత్రంలోనూ లేదు! బూడిద మీద తడి పాదం ఒకటి పడింది. రెండోది పడింది. నల్లబియ్యం చెదిరిపోయింది. ఏటి బురద వాసన, పసుపు వాసన కలిసి ఇల్లంతా నిండిపోయాయి.

ఆ తడి అడుగులు గోతి అంచున ఆగాయి.

ఫట్‌మని కపాలం రెండు చెక్కలైంది. రోహిణి చేతులు కడుపు మీదనుంచి జారిపోయాయి. శివశంకర్ గట్టు పట్టుకుని పైకి ఎగబాకబోయాడు. అంతలో వాడి ముఖం వంకర్లు పోయింది. రెండు చేతులా పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయాడు. కాసేపు ఆగాడు. మళ్ళీ వంగాడు. అలలు అలలుగా... ఒకదాని మీద ఒకటి... ఆగి, ఆగి, అంతకంతకు దగ్గరగా!

ఆ వంగడం ఏమిటో సింహాచలమ్మ ఒక్క చూపులో పోల్చుకుంది. కన్న ఆడది ఎవరైనా పోల్చుకుంటుంది. అవి పురిటి నొప్పులు!

మూడు రోజుల నొప్పులు... నాలుగు తరాలుగా తీరని నొప్పులు... ఆ మగవాడి ఒంట్లోకి దిగాయి. మంత్రగాడు అమ్మా అని అరిచాడు. వాడు చంపిన బిడ్డల తల్లులు ఎందరు అలా అరిచారో! గోతిలో పొర్లాడు, మట్టి కరిచాడు, వెన్ను విల్లులా వంచాడు. బయట వాన ఉధృతంగా దిగింది. గంట తరువాత ఆ గోతిలో వాన నీళ్ళు చేరాయి. వాడు కదలలేదు.

షిఫ్టు దిగి రెండున్నరకు వచ్చిన పైడిబాబు గోతిలోకి చూసి పోలీసులకు కబురు పెట్టాడు. పోలీసులు వచ్చారు, శవాన్ని తీసుకెళ్ళారు. గుండె ఆగిందని రాసుకున్నారు. రెండు చేతులూ పొట్ట మీద బిగుసుకుపోయి ఎందుకున్నాయో వాళ్ళకు అంతు పట్టలేదు. రోహిణిని అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళితే బిడ్డ గుండె గుర్రంలా పరుగెడుతోందన్నారు. బండిలో తిరిగి వస్తుంటే అత్త చెయ్యి తీసి తన కడుపు మీద పెట్టుకుంది రోహిణి. లోపలనుంచి ఒక్క తన్ను తగిలింది. సింహాచలమ్మ వీధిలో జనం చూస్తున్నా లెక్క చెయ్యకుండా భోరుమని ఏడ్చింది.

దీపాలు పెట్టే వేళకు వాన వెలిసింది. రోహిణి మంచం మీద పడుకుని, పక్కకు తిరిగి చూసి, జరిగి చోటిచ్చింది.

"అత్తా... యే కౌన్ హై?" అని, ఈమె ఎవరని మెల్లగా అడిగింది. ఎవరో ఆడమనిషి తన పక్కన కూర్చుని ఉందట. ఒళ్ళంతా తడిసిపోయిందట. తనకంటే పెద్ద కడుపట.

పైడిబాబు బిత్తరపోయి తల్లి వైపు చూశాడు. మంచం మీద దుప్పటి ఒక పక్కన తడిసి, నీరు బొట్లు బొట్లుగా నేల మీద పడుతోంది. సింహాచలమ్మ లేచింది. పిలిచింది తనే. ఆడపిల్ల వచ్చింది. పెట్టెలోంచి పొడి చీర ఒకటి తీసి మంచం మీద పెట్టి, పురిటికి వచ్చిన కూతురిని ఏ తల్లయినా అడిగే మాటే అడిగింది. ఎన్నో నెలని.

జవాబు రోహిణి నోటివెంటే వచ్చింది. టాటా బళ్ళో హిందీలో చదువుకుని, తెలుగు ముక్క తడబడుతూ పలికే రోహిణికి ఎన్నడూ రాని పల్లెటూరి తెలుగులో వచ్చింది.

"నిండిపోనాయమ్మా. నొప్పులు ఆడికిచ్చీసినాను. ఇంక బిడ్డే ఉంది."

సింహాచలమ్మ కొడుకును వీధి అరుగు మీద కూర్చోమని పంపించి, తలుపు దగ్గరగా వేసి, పొయ్యి మీద వేన్నీళ్ళు పెట్టింది.