అక్క ఇచ్చిన గ్రూపు

“ఈ రక్తం ఎవరిది?” అంది ల్యాబు అమ్మాయి.

“నాదే.”

“కాదు.”

కౌంటరుకు అవతల నిలబడ్డ వడ్రంగి ముఖానికి మాస్కు ఉంది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్ళు నవ్వుతున్నాయి. ఆమెకు ఒళ్ళు మండింది.

“ఫారం మీద ఓ పాజిటివ్ అని మీ చేత్తోనే రాశారు. నాకేమో బి పాజిటివ్ వస్తోంది. కూర్చోండి. చెయ్యి చాపండి. పిడికిలి బిగించండి.”

ఒకరి రక్తం మరొకరి పేరు మీద పడటం కన్నా ల్యాబులో పెద్ద పాపం లేదు. ఏడేళ్ళ ఉద్యోగంలో ఆ పాపం ఆమె ఒక్కసారీ చెయ్యలేదు. ఇవాళ చేశాననుకుని, పొద్దున వచ్చి వెళ్ళినవాణ్ణి ఫోను చేసి మళ్ళీ రప్పించింది. రెండోసారీ బి. మూడోసారీ బి.

“ఇంకో చెయ్యి కూడా ఉందండీ. అందులో ఏముందో చూస్తారా?” అన్నాడు వడ్రంగి.

“వేళాకోళంగా ఉందా? ఓ గ్రూపు బి ఎలా అవుతుంది?”

“పొరపాటు నాది. పుట్టినప్పటి అలవాటు కదా, చెయ్యి ఓ అనే రాసేసింది. అది పాతది. ఇప్పుడున్నది మా అక్కది.”

“అక్క రక్తం ఎక్కిస్తే గ్రూపు మారిపోదు. నాకు పాఠాలు చెప్పకండి.”

“అక్క ఇచ్చింది రక్తం కాదండీ. రక్తాన్ని తయారుచేసే మూలకణాలు. నాకు బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. అయిదు నెలలైంది అవి ఎక్కించి.”

ఆమె చేతిలో దూది అలాగే ఉండిపోయింది. ఎప్పుడో పరీక్షకు చదివిన సంగతి. పాసయ్యాక మరిచిపోయిన సంగతి.

“మొదటిసారి గుచ్చినప్పుడే చెప్పొచ్చుగా! మూడుసార్లు పొడిచాను మిమ్మల్ని!”

“మీరు తిడుతుంటే బాగుంది. ఏడాదైంది నన్నెవరైనా తిట్టి.”

అది నిజం. జబ్బు సంగతి తెలిసిన రోజు నుంచి ఊరంతా అతనితో మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టింది. జాలిపడేందుకు వచ్చినవాళ్ళకు కుర్చీలు చాలలేదు. రక్తమివ్వడానికి వచ్చినవాళ్ళకు ఒక్క బెంచీ సరిపోయింది. ఆ లెక్క అతను మరిచిపోలేదు. మరిచిపోవాల్సిన పనీ లేదు.

ఆ తర్వాత పదిహేను రోజులకొకసారి వచ్చేవాడు. వెంట అక్క. కరెంటాఫీసులో గుమాస్తా ఆవిడ. ఆవిడ గొంతు విప్పితే వీధి చివర మీటర్లు కూడా సరిగా తిరుగుతాయని అతని అభిప్రాయం.

“ఈవిడేనా నిన్ను మూడుసార్లు పొడిచింది?” అంది అక్క మొదటి రోజే. “బాగా చేశావమ్మాయ్. వాడిలో ఇప్పుడు పారేది నాది. అందుకే ఓర్చుకున్నాడు. పాతదైతే సూది చూడగానే పడిపోయేవాడు.”

“అక్కా!”

“అరవకు. అరిచే ఓపిక కూడా నేనిచ్చిందే.”

ల్యాబు అమ్మాయి నవ్వు ఆపుకోలేక ట్యూబుల పెట్టెలోకి తల దూర్చింది.

ఒకరోజు వాన. ల్యాబులో ఎవరూ లేరు. మాటల్లో ఆమే అడిగింది. “అసలెలా తెలిసింది?”

“రంపం పట్టుకుంటే ఆయాసం. ఒంటి మీద ఎక్కడ తగిలినా నల్లగా కమిలేది. పళ్ళు తోముకుంటే రక్తం. పని ఎక్కువైందనుకున్నా. జ్వరం తగ్గకపోతే పరీక్ష చేయించారు.” వాన వంక చూస్తూ చెప్పాడు. “డాక్టరు ఏమేమో చెప్పాడు. నాకర్థమైంది ఇది. పచ్చి చెక్కతో తలుపు చేస్తే ఏమవుతుంది? వంకరపోతుంది. నా ఎముకల్లో మూలుగ పచ్చి కణాలనే పంపేస్తోందట. పని చెయ్యవు, చోటు మాత్రం ఖాళీ చెయ్యవు. మంచివాటికి పుట్టడానికి స్థలం లేదు.”

“నేను చదివిన పుస్తకం కన్నా బాగా చెప్పారు.”

“ముందు కీమో మందులతో ఆ పచ్చి సరుకంతా తీసేశారు. జుట్టూ పోయింది, ఆకలీ పోయింది. నోరంతా పుళ్ళు. అయినా అడుగున ఎక్కడో మిగిలి ఉంటుంది, మళ్ళీ లేస్తుందన్నారు. అందుకని అక్కను పరీక్షిస్తే కుదిరింది.”

“మరి గ్రూపు వేరు కదా?”

“గ్రూపు కలవకపోయినా ఫరవాలేదట, కలవాల్సింది వేరే ఉందట. అక్క చేతికి మిషను తగిలించి మూలకణాలు తీశారు. సెలైన్ లాగా నాకెక్కించారు. అందరూ ఆపరేషను జరిగిందనుకుంటారు. కత్తి కళ్ళతో కూడా చూళ్ళేదు. రక్తంలో పడ్డ కణాలు దారి అడక్కుండానే ఎముకల్లోకి పోయి పని మొదలుపెట్టాయి.”

“మీ అక్క కణాలు కదా. దారి అడగవు.”

అతను పకపకా నవ్వాడు. మాస్కు జారింది. ఆమె అతని ముఖం మొత్తం చూడటం అదే మొదలు. కొత్తగా మొలిచిన మీసం తమాషాగా ఉంది. ఆమె చప్పున కళ్ళు తిప్పుకుని తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది.

“మళ్ళీ పనికెప్పుడు?”

“చెక్కపొట్టు, బూజు తగలకూడదన్నారు. గీతలు గీసి కొలతలు రాసిస్తున్నా. జబ్బు మళ్ళీ రావడమంటూ ఉంటే మొదటి రెండేళ్ళలోనే ఎక్కువట. అవి దాటాలి. దాటాక ఒక మనిషిని ఒక మాట అడగాలి.”

“ఎవర్ని?”

“దాటాక చెప్తా.”

“అంతవరకు ఆ మనిషి కూర్చుని ఉంటుందా?”

“ఉండకపోతే నేను చెయ్యగలిగింది లేదు. పుచ్చిన పలక అని తెలిసీ పనివాడు తలుపుకి వాడకూడదు.”

ఆమెకు కోపం వచ్చింది. సూది గుచ్చినచోట పెట్టిన దూదిని గట్టిగా అదిమింది. “అబ్బా” అన్నాడు. ఆమె క్షమాపణ అడగలేదు.

అలా ఏడు నెలలు. ప్రతిసారీ అతని రక్తం చుక్క గాజుపలక మీద పరిచి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పచ్చి కణాల కోసం ఆమే వెతికేది. లేవని రాసేటప్పుడు ఆమె అక్షరాలు గుండ్రంగా వచ్చేవి.

ఎనిమిదో నెలలో మిషను ముప్పై ఎనిమిది వేలు చూపించింది. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు. కిందటిసారి రెండు లక్షల పైన.

జబ్బు తిరిగొచ్చినా అలాగే పడిపోతాయి.

ఆమె గాజుపలక తయారుచేసింది. మైక్రోస్కోపు ముందు కూర్చుంది. కన్ను ఆనించలేదు. లేచి లోపలి గదిలో ఉన్న డాక్టరు ముందు పెట్టింది.

ల్యాబు ఆయనదే. మాట ఖర్చుపెట్టని మనిషి.

“నువ్వు చూడొచ్చుగా?”

“చూడలేనండీ.”

“ఏం, కళ్ళు పోయాయా?”

“మనవాళ్ళ స్లైడు మనం చూడకూడదని మీరే కదండీ చెప్పారు. భయపడే కంటికి లేనిది కనిపిస్తుందనీ, ఆశపడే కంటికి ఉన్నది కనిపించదనీ.”

డాక్టరు కళ్ళజోడు తీశాడు. “వడ్రంగి నీకేమవుతాడు?”

ఆమె వెనక్కి తిరిగి గది బయటికి నడిచింది. తలుపు వేసుకోకుండానే లోపలికి వెళ్ళింది కాబట్టి బయట బెంచీ మీదున్న అతనికీ అక్కకీ అంతా వినబడింది.

ఆమె కౌంటరు లోపలికి వెళ్ళలేదు. ఏడేళ్ళలో మొదటిసారి ఇవతలికి వచ్చి, ఆ బెంచీ మీదే అతని పక్కన కూర్చుంది.

“పడిపోయాయా?” అన్నాడు.

“పడిపోయాయి.”

“చూశారా? అందుకే రెండేళ్ళన్నాను. ఇది మీకెందుకు చెప్పండి.”

“తిరిగొస్తే మళ్ళీ మందులుంటాయి. మళ్ళీ కష్టముంటుంది. అది మీరొక్కరే పడాలని ఏ డాక్టరు చీటీ రాసిచ్చాడు?”

“మీరు బాగుండాలనే కదా ఆగమంటున్నది…”

“నాకు ఏడేళ్ళుగా రోజూ నలభై మంది రక్తం చేతిలో ఉంటుంది. రెండేళ్ళు గ్యారంటీ అని ఒక్కరి రిపోర్టులోనూ చూళ్ళేదు. అడగదలుచుకున్నది ఇప్పుడడగండి.”

అతను అక్క వంక చూశాడు. “నా వైపు చూస్తావేంరా? కణాలిచ్చాను, ధైర్యం కూడా నన్నే ఇమ్మంటావా?” అంది అక్క. గొంతు మాత్రం ఎప్పటిలా లేదు.

అతను నోరు తెరిచేలోపే లోపలి నుంచి కేక వినబడింది.

“పేషెంటు తాలూకు మనిషెవరు?”

అక్క లేచింది. ల్యాబు అమ్మాయీ లేచింది. అక్క ఒక్క క్షణం ఆమెను ఎగాదిగా చూసి, మళ్ళీ కూర్చుంది.

“వెళ్ళమ్మాయ్. నిన్నే పిలుస్తున్నారు.”

డాక్టరు తల ఎత్తలేదు. “పచ్చి కణం ఒక్కటీ లేదు. ఈ ట్యూబులో ఉండే మందు ఇతని రక్తానికి పడక ప్లేట్‌లెట్లు గుంపులుగా అంటుకున్నాయి. గుంపునంతా మిషను సరిగా లెక్కెయ్యలేకపోయింది. కొందరికి అంతే. వేరే మందుండే నీలం మూత ట్యూబులో తీసి మళ్ళీ పెట్టు. సరిగా వస్తాయి. కన్ను ఆనించి ఉంటే నీకూ తెలిసేది.”

“తెలిసేది కాదండీ.”

“అదీ నిజమే,” అన్నాడాయన.

ఆమె బయటికి వచ్చేసరికి అతను నిలబడి ఉన్నాడు. మాస్కు పైన కనిపిస్తున్నంత ముఖంలో రంగు లేదు.

“ఏమన్నారు?”

“ఏం లేదట. ట్యూబు తగాదా. మళ్ళీ తీయాలి.”

అక్క పైటచెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. అతను మెల్లగా మాస్కు కిందికి లాగాడు.

“నన్ను చేసుకుంటావా?”

మీరు అనడం మరిచిపోయాడు. ఆమె గమనించింది. బాగుందనిపించింది.

“కూర్చో. చెయ్యి చాపు.”

“మనవాళ్ళది చూడకూడదన్నావుగా?”

“చూడకూడదన్నారు. గుచ్చకూడదనలేదు. పిడికిలి బిగించు.”