ఆవు పెరుగు అడుగున

మహేష్ తల మేకపాల తపేలా అంచుకు ఆని ఉంది. కుడిచేయి పెరుగులో మునిగి ఉంది. మెడ మీద గొడ్డలి దెబ్బలు మూడు. మూడోది ఎముకను తెంచింది.

కోదాడ శివారులో చిన్న డెయిరీ. అందులో పాలు తోడుకునే వెచ్చని గది. ఒక తపేలాలో మేకపాలు, పక్క తపేలాలో ఆవుపాలు. రెండింటిలోనూ తోడుగా వేసింది ఒకే ప్రోబయాటిక్ కల్చర్. ఏ పెరుగు మేలైనదో మహేష్ పోల్చి చూస్తున్నాడు. ఆ పోలిక ముగియకముందే అతడు ముగిశాడు.

ఎస్ఐ నిఖిత చేరేసరికే బంధువులు తీర్పు చెప్పేశారు. హంతకుడు లింగస్వామి. రోజూ మోతె నుంచి మేకపాలు తెచ్చేది అతడు. సాయంత్రం ఐదింటికి తలుపు తీసింది అతడు. శవాన్ని లేపబోయి చేతులు నెత్తురు చేసుకున్నదీ అతడు. గొడ్డలి అతడిదే. నిన్న కొమ్మలు నరికి ఇక్కడే మరిచిపోయానన్నాడు. ఎవరూ వినలేదు. ఎడమచేయి విరిచారు. పళ్లు రాలగొట్టారు. పోలీసు జీపులో కూలబడ్డ అతడి చుట్టూ ఇప్పుడు రాళ్లు పట్టిన గుంపు.

ఎప్పుడు చనిపోయాడో డాక్టర్ తేల్చలేకపోయాడు. గది వేడికి శవం చల్లబడలేదు.

మహేష్ మేనమామ భాస్కర్ వ్యాపారంలో భాగస్వామి. మిర్యాలగూడలో ఆవుల ఫారం ఉంది. పొద్దున పదిన్నరకు ఇక్కడి నుంచి బయలుదేరి, సూర్యాపేటలో అక్క ఇంటికి వెళ్లానని చెప్పాడు. అక్క రంగనాయకమ్మ, మహేష్ తల్లి, డెయిరీ గుమ్మంలో నిలబడి ఔనంది. పన్నెండు నుంచి కబురొచ్చేదాకా తమ్ముడు తన ఇంట్లోనే ఉన్నాడు.

లింగస్వామి నాలుగింటిదాకా మోతెలో పెళ్లిపందిట్లో ఉన్నాడు. వందమంది చూశారు.

"కల్చర్ ఎప్పుడు కలిపారు?" నిఖిత అడిగింది.

"పదింటికి. నా ముందర్నే," అన్నాడు భాస్కర్.

"తోడుకునేది?"

"పగటీలి మూడు, నాలుగు గంటలయితది."

"హత్య?"

"ఇంకెప్పుడు మేడం? వాడొచ్చినంక. పాలు వాసనొస్తున్నయ్ అన్నందుకు గొడ్డలెత్తిండు. మేకలు కాసేటోనికి తలకాయ గూడ మేకదే ఉంటది."

నిఖిత మేకపాల తపేలాలో గరిటె ముంచింది. అడుగుదాకా ఎరుపే. మేక పెరుగు పలుచన, గట్టిగా నిలవదు, నెత్తురు దిగుతుందని భాస్కర్ వివరించాడు. నిజమే. అందుకే ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

ఆవుపాల తపేలా వైపు తిరిగింది. పైన లేత గులాబి ఛాయ, అంతే.

"తిరుపతీ, బోర్లించు."

కానిస్టేబుల్ పళ్లెంలోకి బోర్లించాడు. పెరుగు చెదరలేదు. గడ్డగా దిగింది. అడుగు పైకొచ్చింది.

అది నల్లని ఎరుపు.

"తోడుకున్నాక పడి ఉంటే నెత్తురు ఈ గడ్డ మీదే నిలిచేది," అంది నిఖిత. "పాలుగా ఉన్నప్పుడు పడింది. అడుగుకు దిగింది. దాని మీద పెరుగు తోడుకుంది. హత్య సాయంత్రం జరగలేదు. కల్చర్ కలిపిన కాసేపటికే జరిగింది. అప్పుడు ఇక్కడున్నది మీరు."

భాస్కర్ నవ్వబోయాడు.

బల్ల మీద తెరిచి ఉన్న పెరుగు డబ్బాను ఆమె బోర్లించింది. పైన భాస్కర్ అమ్మే మేక పెరుగు లేబుల్. లోపలి గడ్డ ఆవు పెరుగులాగే చెదరకుండా దిగింది.

"మేక పెరుగు పేరుతో ఆవు పెరుగు అమ్ముతున్నారు. మహేష్ దీన్నీ పోల్చి చూశాడు. అవునా?"

భాస్కర్ ఖాళీ తపేలా ఎత్తి తిరుపతి ముఖాన కొట్టాడు. ముక్కు చితికింది. తలుపు వైపు దూకాడు. నిఖిత లాఠీ మోకాలి చిప్ప మీద దిగింది. ఎముక పగిలిన చప్పుడు గది నిండా వినిపించింది.

"డబ్బాలన్నీ వాపస్ తెప్పిస్తనన్నడు," నేల మీద మూలిగాడు. "మేనమామనని గూడ సూడలే."

రంగనాయకమ్మ లోపలికి వచ్చింది. ఏడవలేదు.

"చేతులు గడుక్కొని గదరా నా ఇంట్ల అన్నం ముందట కూసున్నవ్. పిల్లగాడు తిన్నడా అని అడిగితే, తిన్నడక్కా అన్నవ్."

భాస్కర్ తల తిప్పుకున్నాడు.

ఆమె బయటికి నడిచింది. గుంపులో ఒకడు రాయి ఎత్తాడు. ఆమె జీపుకు అడ్డంగా నిలబడింది.

"పడెయ్యుండ్రి. ఈయన్ని దవాఖానకు తీస్కపోవాలె."

ఎవరూ కదలలేదు. ఆమే జీపెక్కింది. లింగస్వామి విరిగిన చేతిని మెల్లగా ఎత్తి, తన ఒడిలో పెట్టుకుంది.