అచ్చంగా సరిపోయిన థర్మోస్టాట్

ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎవరింట్లో ఫ్రిజ్ మొరాయించినా ముందు గుర్తొచ్చేది గ్యాసాయనే. ఫ్రిజ్‌లలో గ్యాస్ నింపుతాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు పెట్టి పిలిస్తే, ఎవరిని పిలుస్తున్నారా అని అతనే వెనక్కి తిరిగి చూస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఊరందరి ఫ్రిజ్‌లకీ ప్రాణం పోసిన ఆ మనిషి ఇంట్లో, నడివేసవిలో, ఫ్రిజ్ ఆగిపోయి మూడు రోజులైంది.

"పరాయివాళ్ళు ఫోన్ చేస్తే అన్నం ముందు నుంచి లేచి పరుగెడతారు. మనింటి ఫ్రిజ్ చూడాలంటే మీకు ఎవరు ఫోన్ చెయ్యాలండీ?" అంది భార్య.

 ఆ వెక్కిరింపులో కోపం కన్నా భయమే ఎక్కువని అతనికి తెలుసు. భయం ఇద్దరిదీ ఒకటే. కూతురు చిట్టికి తొమ్మిదేళ్ళు. రెండేళ్ళ నుంచి ఆ పిల్లకి చక్కెర జబ్బు. పొద్దునా సాయంత్రమూ ఇన్సులిన్ సూది పడకపోతే బతకదు. ఆ మందు చల్లగా ఉండాలి, కానీ గడ్డకట్టకూడదు. ఒక్కసారి గడ్డకట్టిందంటే కరిగినా పారబోయాల్సిందే. ఇంట్లో ఉన్న ఆరు సీసాల్నీ మొన్న పైవాటా పిన్నిగారి ఫ్రిజ్‌లో దాచమని ఇస్తే, ఆవిడ పాపం మంచిమనసుతోనే, ఇంకాస్త చల్లగా ఉంటాయిలే అని నాలుగింటిని మంచు అరలో పెట్టింది. అవి రాళ్ళయిపోయాయి. మిగిలినవి రెండు. ఆస్పత్రికి మళ్ళీ సరుకు వచ్చేది నెల తరవాతే. మందుల షాపులన్నీ చెప్పులరిగేలా తిరిగి చూశారు, ఎక్కడా లేదు. మళ్ళీ ఆ ఫ్రిజ్‌లో పెట్టే ధైర్యం లేక తెచ్చేసుకున్న ఆ రెండు సీసాలూ ఇప్పుడు పిన్నిగారిచ్చిన ఫ్లాస్కులో, కరిగిపోతున్న ఐసుముక్కల మధ్య ఉన్నాయి.

పోయింది థర్మోస్టాట్ ఒక్కటే. చలి చాలగానే మిషన్ని ఆపి, వేడెక్కగానే మళ్ళీ నడిపించే అరచేతిలో పట్టేంత పెట్టె అది. కానీ వాళ్ళది పాతకాలపు ఫ్రిజ్. ఆ మోడల్ తయారీ ఆపేసి పదిహేనేళ్ళు దాటింది.

స్పేర్ పార్టుల షాపు పెద్దాయన ముక్కు మీదకి జారిన కళ్ళజోడు ఎగదోసుకుని, కొత్త డబ్బా ఒకటి బల్ల మీద పెట్టాడు. "ఇది అన్నిటికీ పడుతుంది. తీసుకెళ్ళవయ్యా."

"అన్నిటికీ పడేది నాకొద్దు బాబాయ్. రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే కూరగాయలు సర్దుకుంటాయి. మా పిల్ల మందు సర్దుకోదు. అదే మోడల్‌ది కావాలి."

"అయితే పాతసామాన్ల అక్క దగ్గర వెతుక్కోవాలి నువ్వు."

అక్క పెరడు నిండా చచ్చిపోయిన మిషన్లు. వాషింగ్ మిషన్ల పక్కన ఫ్యాన్లు, ఫ్యాన్ల వెనక వరసగా ఫ్రిజ్‌లు. తుప్పు వాసన, కాలిన నూనె వాసన. మిట్టమధ్యాహ్నం ఎండకి రేకులు టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తున్నాయి. ఇలాంటి ఏ పెరట్లోకి ఫ్రిజ్ వచ్చినా ముందు తలుపు ఊడదీసేస్తారు. ఆడుకునే పిల్లలెవరైనా లోపల దూరి తలుపు పడిపోతే ఇంతే సంగతులు. అక్క ఆ విషయంలో మహా గట్టిది. అందుకే ఫ్రిజ్‌లన్నీ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి, ఒక్కటి తప్ప. గోడ పక్కన ఉన్న ఆ ఒక్కదానికి తలుపు ఉంది. దాని చుట్టూ లావుపాటి తాడు మూడు చుట్లు చుట్టి ఉంది.

గ్యాసాయనకి ప్రాణం లేచొచ్చింది. అచ్చం తమ ఇంట్లోదే. అదే రంగు, అదే మోడల్.

"దీని తలుపెందుకు తియ్యలేదక్కా?"

అక్క అటు చూడకుండానే చెప్పింది. "మూడుసార్లు నా చేత్తోనే ఊడదీశాను తమ్ముడూ. పొద్దున్నే వచ్చి చూస్తే మళ్ళీ బిగించి ఉంటుంది. నాలుగోసారి తాడు కట్టాను."

"నీకు ఎండ దెబ్బ తగిలినట్టుంది," అని నవ్వాడు.

"నవ్వుతావులే. కావలసింది తీసుకో. తలుపు జోలికి మాత్రం పోకు."

పోవలసిన పని కూడా లేదు. ఈ మోడల్లో థర్మోస్టాట్ ఫ్రిజ్ నెత్తిమీద, నల్లటి మూత కింద ఉంటుంది. దాన్నుంచి తీగంత సన్నటి రాగిగొట్టం ఒక చిల్లులోంచి లోపలికి దిగి, మంచు అరని తాకుతుంది. మూత విప్పి, పెట్టె ఊడదీసి, గొట్టాన్ని మెల్లగా పైకి లాగడమే. జానెడు వచ్చింది. ఆ తరవాత కదల్లేదు. గట్టిగా లాగితే తెగుతుంది. తెగితే ఎందుకూ పనికిరాదు.

మొండికేసిన పార్టుల్ని చంటిపిల్లల్ని బుజ్జగించినట్టు బుజ్జగించడం అతని అలవాటు. పనిలో చేరిన రోజు నుంచీ ఉంది. చూసినవాళ్ళు నవ్వుతారు, అతనూ నవ్వుతాడు, కానీ మానడు.

"రామ్మా... రా తల్లీ. ఇక్కడేం చేస్తావు ఎండలో. మా ఇంటికి పోదాం, రా."

లోపల పట్టుకున్నవాళ్ళెవరో వేళ్ళు వదిలినట్టు, గొట్టం ఒక్కసారిగా వదులైంది. గ్యాసాయన వెనక్కి తూలాడు. గొట్టం చివర చేతికి తగిలింది. ఐసులా చల్లగా ఉంది... ఎన్నాళ్ళుగానో కరెంటు లేకుండా ఎండలో నిలబడిన ఫ్రిజ్‌లోంచి వచ్చింది.

అతను ఒక్క క్షణం దానివంక చూశాడు. ఆలోచించే తీరిక లేదు. ఇంట్లో ఐసు కరిగిపోతోంది. గొట్టాన్ని గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాడు.

బిగించడం అరగంట పని. స్విచ్ వెయ్యగానే కంప్రెసర్ గుర్రుమంది. చిట్టి పక్కనే కూచుని, "నాన్నా, దానికి ఆకలేస్తోందా?" అని నవ్వింది. గంటయ్యేసరికి లోపల పెట్టిన థర్మామీటరు సరిగ్గా అయిదు డిగ్రీలు చూపించింది. మిషన్ టక్కున ఆగింది. కాసేపయ్యాక టక్కున మొదలైంది. ఒక్క డిగ్రీ తేడా లేదు. భార్య రెండు సీసాల్నీ నడిమి అరలో పెట్టి, తలుపు మూసి, ఆ తలుపుకే నుదురు ఆనించి ఏడ్చేసింది.  మూడు రోజుల తరవాత ఆ ఇంట్లో అందరూ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు.

అతను స్నానానికి వెళ్ళాడు. ఆవిడ పైవాటాకి ఫ్లాస్కు తిరిగి ఇచ్చిరావడానికి వెళ్ళింది. నీళ్ళు పోసుకుంటుంటే ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు వినిపించింది. చల్లగాలి కోసం చిట్టి ముఖం లోపల పెట్టుకుని ఉంటుంది అనుకున్నాడు. కాసేపటికి మూసిన చప్పుడు.

బయటికొచ్చేసరికి చిట్టి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. భార్య ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది.

"తలుపు రబ్బరు సందులోంచి వెలుగు కనిపిస్తోందండీ. లోపల బల్బు ఆరడం లేదనుకుంటా."

బల్బు వెలుగుతూనే ఉంటే లోపల వేడి పెరుగుతుంది. మందు పాడైపోతుంది. తలుపు మూశాక బల్బు ఆరిందో లేదో తెలుసుకోవడానికి మెకానిక్కులందరూ చేసే పని ఒకటే. అతనూ అదే చేశాడు. ఫోన్లో వీడియో మొదలుపెట్టి, లోపలి అరలో నిలబెట్టి, తలుపు మూశాడు. రెండు నిమిషాలాగి తీశాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చూశారు.

తలుపు మూసుకుంది. బల్బు ఆరిపోయింది. అంతా చీకటి. కంప్రెసర్ చప్పుడొక్కటే.

"ఆరిందిగా," అన్నాడు.

"ఉండండి."

చీకట్లో ఊపిరి. చిన్న ఊపిరి... పళ్ళు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు... బల్బు వెలిగింది. తలుపు మూసే ఉంది. అయినా వెలిగింది. రెండు సీసాలూ, ఖాళీ అరలూ. ఇంకేమీ లేదు. మళ్ళీ ఆరింది.

అప్పుడు గుసగుస.

"నాన్నా... తలుపు తియ్యి..."

చిట్టి గొంతు.

ఇద్దరూ మంచంవైపు చూశారు. చిట్టి అలాగే పడుకుని ఉంది. గదిలో మాట్లాడింది ఫోన్లో పడిందేమోనని అనుకోవడానికి ఆ తల్లి ఎంత ప్రయత్నించిందో దేవుడికే తెలియాలి.

"చిట్టీ... ఇందాక ఏమైనా అన్నావా?"

"లేదే."

"లే తల్లీ. సూది టైమయింది."

పిల్ల లేచి కూచుంది. చెయ్యి చాపమంటే చాపింది. రోజూ వేలికి సూది గుచ్చి, రక్తపుచుక్క తీసి, చక్కెర చూసే మిషన్లో పెట్టాక ఇన్సులిన్ వెయ్యాలి. రెండేళ్ళయినా గుచ్చేటప్పుడు చిట్టి కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. ఇప్పుడు మూసుకోలేదు. తల్లి ముఖంలోకే చూస్తోంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

గుచ్చింది. రక్తం రాలేదు. వేలు నొక్కింది. ఒక చుక్క ఊరింది... తెల్లగా, తేటగా.

నీళ్ళు.

 గ్యాసాయన అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా... ఆ ఫ్రిజ్..."

"నేనే చేద్దామనుకుంటున్నా తమ్ముడూ. నువ్వెళ్ళిన కాసేపటికి తాడు తెగి తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపలంతా శుభ్రంగా ఉంది." అక్క గొంతు తగ్గించింది. "నువ్వు దాన్ని ఏమైనా పిలిచావా?"

అతను ఫోన్ పెట్టేశాడు. భార్యకి చెప్పాడు. దాచలేకపోయాడు. మా ఇంటికి పోదాం రమ్మన్నానని చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, మూసిన తలుపుకి చెవి ఆనించింది.

"చిట్టీ..."

"అమ్మా," అంది లోపల్నుంచి. "చీకటిగా ఉందమ్మా."

తలుపు తెరిచింది. రెండు సీసాలు. ఖాళీ అరలు. మూసింది. "అమ్మా!" తెరిచింది. ఏమీ లేదు. గ్యాసాయన అరలు పీకి వెతికి మళ్ళీ పెట్టాడు, వెనక రేకు విప్పేశాడు, చెయ్యి పట్టినంతమేరా తడిమాడు. థర్మోస్టాట్ పీకుదామని స్క్రూడ్రైవర్ పెట్టగానే లోపల పిల్ల ఊపిరాడనట్టు కేక పెట్టింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇరవై రెండేళ్ళ పనితనం అతనికి ఎందుకూ కొరగాలేదు. మంచం మీద కూచున్నది కాళ్ళు ఊపుకుంటూ వాళ్ళనే చూస్తోంది.

"అమ్మా," అంది లోపలి గొంతు, నీరసంగా. "సూది వెయ్యవా? కళ్ళు తిరుగుతున్నాయి."

ఆ తల్లికి ఏం తోచిందో... సూదిలో రోజూ ఎక్కించేంత మందు ఎక్కించి, నడిమి అరలో పెట్టి, తలుపు మూసింది. "నువ్వే వేసుకో బంగారం. నేను చూపించాగా, పొట్ట మీద, పక్కగా." కాసేపాగి తెరిచింది. సూది ఖాళీగా ఉంది. మొన మీద చిన్న రక్తపుచుక్క. వేలితో తాకింది. గోరువెచ్చగా ఉంది. ఆ వేలిని అలాగే పట్టుకుని ఆవిడ నేలమీద కూలబడింది.

మర్నాడు పొద్దునా, సాయంత్రమూ అంతే. ఖాళీ సూది, మొన మీద రక్తం. ఆ వెచ్చదనం తగ్గుతూ వస్తోందని ఇద్దరికీ తెలుసు.  ఆ చలిలో, తిండీ నీళ్ళూ లేకుండా, చిన్నపిల్ల ఎన్ని రోజులు... అన్నం గిన్నె పెట్టి చూశారు. ఎలా పెట్టారో అలాగే ఉంది. లోపలి గొంతు మాటల్లోంచి మూలుగుల్లోకి, మూలుగుల్లోంచి ఊపిరిలోకి దిగింది. బయట మంచం మీదది మాత్రం పెట్టింది పెట్టినట్టు తింటోంది. బుగ్గలు రంగు తేరుతున్నాయి.

మూడో రోజు సాయంత్రం తలుపు తెరిస్తే సూది నిండుగానే ఉంది.

గంట ఆగారు. నిండుగానే ఉంది. చెవి ఆనిస్తే కంప్రెసర్ చప్పుడే.

"అమ్మా, నాకు చూడవా?" అని మంచం మీద పిల్ల వేలు చాపింది. గుచ్చింది ఆవిడ. ఎందుకు గుచ్చిందో ఆవిడకే తెలియదు. ఎర్రటి రక్తం ఊరింది. మిషన్లో నంబరు వచ్చింది. తొంభై ఆరు. జబ్బు బయటపడిన నాటి నుంచి చిట్టికి అంత మంచి నంబరు ఒక్కసారి కూడా రాలేదు.

"ఇంక మందు అక్కర్లేదు నాన్నా," అంది, వేలు చప్పరిస్తూ. "ఆ ఫ్రిజ్ ఎవరికైనా ఇచ్చెయ్యి."

గ్యాసాయన వెళ్ళి ఫ్రిజ్ తెరిచాడు. ఏదైనా మిగిలిందేమో, ఒక్క గుర్తయినా... మంచు అర మూత పైకెత్తాడు. వెనక గోడకి మంచు దట్టంగా పేరుకుని ఉంది. దాని మీద చిన్న అరచెయ్యి గుర్తు, అయిదు వేళ్ళూ చాపి. చిట్టిదే. ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకున్నట్టు ఇంకో చేతి గుర్తుంది. పెద్దవాళ్ళది.

అతను గోరుతో గీకాడు. గుర్తులు చెరగలేదు. అవి మంచుకి అవతలి వైపున ఉన్నాయి.