తోక బండి

సిద్దిపేటలో జీపులున్నవాళ్లకు ఆదివారం వస్తే ఇంట్లో కాలు నిలవదు. పొద్దున్నే ఇంత ఇడ్లీ తిని, డీజిల్ కొట్టించుకుని, మంచి రోడ్లన్నీ వదిలేసి, మేకలు కూడా వెనకాముందాడే దారుల్లోకి బండ్లు దించుతారు. సాయంత్రానికి ఒళ్లు హూనం చేసుకుని ఇల్లు చేరతారు. అదో సరదా. జయరాజ్‌కు మాత్రం అది సరదా కాదు, ఆధారం. భార్య కృప పోయాక అతనికి మిగిలినవి బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం, ఒక పాత జీపు, ఈ ఆదివారాలు. అంతే.

ఆరోజు మూడు బండ్లు బయల్దేరాయి. ముందు రాకేష్, పక్కన అతని భార్య స్నేహ. మధ్యలో ఎరువుల దుకాణం స్వామి. చివర జయరాజ్. ఇంకో మిత్రుడు సామ్యూల్ ములుగు నుంచి రావాలి. "మీరు నడువుండ్రి, నేను వెనకనుంచి అందుకుంట" అని ఫోన్ చేశాడు.

నంగునూరు దాటి గుట్టల వైపు మళ్లే ముందు, బండల మీద పట్టు కోసం టైర్లలో గాలి తగ్గించుకోవడానికి ఆగారు. జయరాజ్ చక్రం దగ్గర కూర్చుని ఉంటే బండికి అవతల స్వామి గొంతు వినబడింది.

"జయరాజ్‌గాడు వస్తే ఏంది, రాకుంటే ఏందన్నా? పొద్దంత నోట్లెకెళ్లి ఒక్క మాట రాదు. మనమేదో సావుకు పోయినట్టు ఉంటది. వచ్చేవారం పిల్వకుంటే అయిపాయె."

రాకేష్ టైరును కాలితో తట్టి చూసుకుంటున్న చప్పుడొచ్చింది. జయరాజ్ తల ఎత్తకుండా గాలి తీస్తూ కూర్చున్నాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈరోజైనా నాలుగు మాటలు మాట్లాడాలి, వాళ్లను ఒక్కసారైనా నవ్వించాలి, లేకపోతే ఆదివారాలు కూడా పోతాయని గట్టిగా అనుకున్నాడు.

వాళ్లకో పద్ధతి ఉంది. దారి చీలిన ప్రతిచోటా ముందు బండి ఆగుతుంది. వెనక బండి వచ్చి లైట్లు రెండుసార్లు కొడితేనే కదులుతుంది. ఎవరి వెనకవాళ్లను వాళ్లు చూసుకోవాలి, అంతే. ఆఖరి బండిని తోక అంటారు. తోకకు వెనక ఎవరూ ఉండరు కనుక ఎవరికోసమూ ఆగే పని లేదు. ఆ ఉద్యోగం మొదటినుంచీ జయరాజ్‌దే.

మధ్యాహ్నం దాకా బాగానే గడిచింది. బండల మీదికి ఎక్కించారు. వాగు ఇసుకలో దిగబడ్డ స్వామి బండిని తాడేసి లాగారు. సీతాఫలం చెట్ల కింద కూర్చుని పులిహోర తిన్నారు. జయరాజ్ మాట్లాడదామని నోరు తెరిచిన ప్రతిసారీ ఇంకెవరో మాట అందుకున్నారు. అతను మళ్లీ పులిహోరలో పల్లీలు ఏరుకున్నాడు.

పొద్దు వాలుతుంటే తిరుగుదారి పట్టారు. తుమ్మలు రెండు పక్కలా మూసుకొచ్చిన దారి. ముందు బండ్లు లేపిన దుమ్ము తప్ప ఏమీ కనబడడం లేదు. ఎండుగడ్డి వాసన, దాని వెనక ఎక్కడో తడి మట్టి వాసన. వాన పడి నెల దాటింది, మరి ఆ తడి ఎక్కడిదో. పిట్టల అరుపులు ఒక్కొక్కటే తగ్గి, చివరికి ఇంజిన్ చప్పుడొక్కటే మిగిలింది.

అప్పుడు అద్దంలో లైట్లు కనబడ్డాయి. రెండుసార్లు వెలిగి ఆరాయి.

సామ్యూల్! జయరాజ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకు తన వెనక కూడా ఒకరున్నారు. దారి చీలిన చోట తన లైట్లు చూసుకుని స్వామి ఎడమకు తిరిగి వెళ్లిపోయాడు. జయరాజ్ పద్ధతి తప్పలేదు. వెనకవాడి కోసం ఆగాడు.

వెనక లైట్లు కూడా ఆగాయి.

హారన్ కొట్టాడు. కదల్లేదు. దిగి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచాడు.

"సామ్యూలా... దిగబడ్డవా ఏంది?"

లైట్లు ఆరిపోయాయి. మలుపు దాకా వెళ్లి చూశాడు. దారి ఖాళీగా ఉంది. కాలిన డీజిల్ వాసన మాత్రం మొహం ఎత్తున నిలిచి ఉంది... వెచ్చగా. ఎవరో దగ్గరగా నిలబడి ఊపిరి వదిలినట్టు.

జయరాజ్ పరుగున బండెక్కాడు. అంతలో బండికొకటి చొప్పున పెట్టుకున్న వాకీటాకీ సెట్టు గరగరలాడింది.

"తోకా, వస్తున్నవ్ గదా?" రాకేష్ గొంతు.

జయరాజ్ బటన్ మీద వేలు పెట్టాడు. ఇంకా నొక్కలేదు...

"వస్తున్నన్నా, వస్తున్న. స్వామి బండి పొగకు కండ్లు మండుతున్నయ్ గని, నడువుండ్రి!"

అది తన గొంతే.

సెట్టులో ముగ్గురూ పగలబడి నవ్వారు. జయరాజ్ బటన్ నొక్కాడు.

"రాకేష్... అది నేను గాదు... ఆగుండ్రి..."

ఎవరూ వినలేదు. ఆ గొంతు ఇంకేదో చెబుతోంది. మళ్లీ నవ్వులు. నవ్వులు దూరమయ్యాయి. తర్వాత గరగర. ఆ తర్వాత ఏమీ లేదు.

బండి ఎలా తోలాడో అతనికే తెలియదు. కొమ్మలు తలుపులను గీరాయి. అద్దం వైపు చూడలేదు. చూస్తే ఎవరైనా ఉంటారని భయం. ఎవరూ ఉండరని అంతకంటే భయం. ఈ గుట్టల్లో తను చిక్కుకున్న సంగతి లోకంలో ఒక్కరికీ తెలియదు... ఆ ఆలోచనకే ఏడుపొచ్చింది.

తారు రోడ్డెక్కాడు. చాయ్ హోటల్ ముందు రెండు జీపులు ఆగి ఉన్నాయి.

"ఏంరా, గింత సేపా?" అన్నాడు రాకేష్. "ఇప్పటిదాంక మా వెనకనే ఉంటివి గదా, లైట్లు కొట్టుకుంట! సామ్యూల్ అయితే ములుగుల నుంచి బయల్దేరనే లేదట."

స్వామి లేచి వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "ఇన్నేండ్లు ఏడ దాచినవ్‌రా గా ముచ్చట్లన్నీ? నవ్వలేక కడుపు నొచ్చింది. వచ్చే ఆదివారం నువ్వు రాకుంటే మేం కదిలేదే లేదు."

స్నేహ కళ్లు ఎర్రగా ఉన్నాయి. "కృప వదిన దవాఖానల ఆఖరికి లైటు బంద్ చెయ్యకు అన్నదని చెప్పినవ్ గదన్నా... నాకు ఏడుపాగలేదు. మాతోని ముందే చెప్పుకోవద్దా?"

ఆ మాట జయరాజ్ ఎవరితోనూ అనలేదు. ఏ ఒక్కరితోనూ. 'చెప్పింది నేను కాదు' అనబోయాడు. ముగ్గురూ ప్రేమగా తననే చూస్తున్నారు. అలా ఎవరైనా చూసి ఎంత కాలమైందో. నోరు మూసుకున్నాడు.

రాకేష్ బల్ల మీద పెట్టిన సెట్టు గరగరలాడింది.

"రాకేష్... నేను, జయరాజ్‌ను. దారి దొరుకుతలేదు. చీకటి పడ్డది. మీరేడున్నరు..."

స్వామి పకపకా నవ్వాడు. "గిదేందిరా, ఎవడో నీ పేరు చెప్తుండు!"

రాకేష్ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. జయరాజ్ ముందుకు వంగాడు. గుర్తుపట్టు, ఒక్కసారి గుర్తుపట్టు అని లోపల మొక్కుకున్నాడు.

"మనోని గొంతు గాదు తియ్" అన్నాడు రాకేష్.

"ఏడుస్తున్నట్టుంది పాపం. పోయి చూద్దామా?" స్నేహ జయరాజ్ వైపు తిరిగింది. "నువ్వు ఆ తొవ్వలకెళ్లే గదన్నా వచ్చింది. ఎవరన్న కనవడ్డరా?"

సెట్టులో ఆ గొంతు ఇంకా పిలుస్తోంది.

"ఎవ్వల్లేరు" అన్నాడు జయరాజ్. చెయ్యి చాపి సెట్టు బంద్ చేశాడు.

చాయ్ వచ్చింది. "చక్కెర లేకుండ చెప్పిన, నువ్వు సెట్టుల అడిగినట్టే" అంటూ స్నేహ గ్లాసు అందించింది. జయరాజ్ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చక్కెర లేని చాయ్ తాగి ఎరగడు. ఒక గుక్క తాగాడు. ఎప్పటి అలవాటో అన్నట్టు హాయిగా దిగింది.