జారిపోయిన ఐదో కెమెరా

"పదింటికి మీ బాబాయి స్టేజి ఎక్కుతాడు. పదీ ఒకటికి ఆయన్ని లేపేస్తారు," అన్నాడు చీఫ్, వాతావరణ వార్తలు చదివినట్టు.

ఏజెంట్ ట్వెల్వ్ కుర్చీలోంచి లేచాడు. అమ్మానాన్నలు పోయాక అతన్ని పెంచిన మనిషి ఆయన. విదేశీ ముఠా గుట్టు ఈరోజు రట్టు చేయబోతున్న సైంటిస్టూ ఆయనే.

"మీటింగ్ రద్దు చేద్దాం సార్."

"అడిగాను. వినలేదు. మీ వంశమే మొండిది. ఆయన చెవిలో ఇయర్‌పీస్ పెట్టాం. 'కళ్ళజోడు' అని వినబడితే కిందికి వంగుతాడు."

హాలులో పధ్నాలుగు కెమెరాలు. వాటి లిస్టులో ముఠా కొన్ని నకిలీ వీడియో సోర్సుల్ని దూర్చింది. అవి పాత వీడియోనే తిప్పితిప్పి చూపిస్తాయి, సెక్యూరిటీవాళ్ళు అదే లైవ్ అనుకుంటారు. నకిలీని తీసేస్తే అసలు కెమెరా దృశ్యం దానంతటదే వస్తుంది.

తొమ్మిదీ యాభైకి, ఏసీ మెకానిక్ వేషంలో, పెట్టుడు మీసంతో ట్వెల్వ్ కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టాడు. లోపల వెన్నెల ఉంది. అది కోడ్ నేమ్. నడిచొస్తే నలుగురూ తల తిప్పే అందం. ముఠాలో చేరి మన కోసం పనిచేసే డబుల్ ఏజెంట్. ట్వెల్వ్‌కి ప్రోగ్రామింగ్ నేర్పిన గురువు కూడా.

"పనైపోయిందోయ్. నకిలీల్ని ఏరే లూప్ కెమెరాల లిస్టంతా తిరిగింది. రెండు నకిలీలు దొరికాయి, పీకేశాను. ఆ మీసం సర్దుకో, ఊడేలా ఉంది."

స్క్రీన్ల మీద అంతా ప్రశాంతం. ట్వెల్వ్‌కి మాత్రం కాలు నిలవలేదు. చెయ్యి ఊరుకోక ఆమె రాసిన కోడ్ చదివాడు. మళ్ళీ చదివాడు.

లూప్ మొదటి నుంచి వెళుతోంది, వెళుతూనే తీసేస్తోంది. వరుసలో నాలుగోవాణ్ణి బయటికి పంపితే ఐదోవాడు జరిగి నాలుగో చోట నిలబడతాడు. లెక్కపెట్టేవాడేమో ఐదో చోటికి వెళ్ళిపోతాడు. జరిగినవాడి మొహం ఎవరూ చూడరు. వాడూ నకిలీయే అయితే లిస్టులో అలాగే ఉండిపోతాడు.

"మేడమ్, ఇది..."

"కంగారులో పొరపాటయ్యుంటుంది. జరుగు, నేను సరిచేస్తా." ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళింది.

"తీసేటప్పుడు చివరి నుంచి రమ్మని నాకు వందసార్లు చెప్పింది మీరే కదా!" అతనికి కోపం కన్నా ఏడుపే ఎక్కువ వచ్చింది.

పిస్టల్ బయటికొచ్చేలోపే చేతిలోని స్క్రూడ్రైవర్ పిడి నొక్కాడు. అందులోంచి మత్తు సూది దూసుకొచ్చి ఆమె మణికట్టులో దిగింది. ఆమె కుర్చీలో ఒరిగిపోయింది.

తొమ్మిదీ యాభై తొమ్మిది. లూప్‌ని చివరి నుంచి మొదటికి తిప్పి రాశాడు. ఎంటర్. ఐదో స్క్రీన్‌లో ఖాళీ బాల్కనీ మాయమైంది. అదే బాల్కనీలో ఒకడు రైఫిల్ గురిపెట్టి మోకాళ్ళ మీద ఉన్నాడు. కింద బాబాయి మైకు ముందుకొచ్చాడు.

"కళ్ళజోడు! కళ్ళజోడు!" అని ట్వెల్వ్ తన మైకులో అరిచాడు.

బాబాయి వంగాడు. మంచినీళ్ళ గ్లాసు పగిలింది. గార్డులు బాల్కనీ వైపు పరిగెత్తారు. కాసేపటికి ట్వెల్వ్ ఇయర్‌పీస్‌లో రొప్పుతూ ఓ గొంతు: "అంత గట్టిగా అరవాలట్రా? చెవి పోయింది!"

ట్వెల్వ్ నవ్వబోయి ఏడ్చేశాడు.

మధ్యాహ్నం చీఫ్ ట్వెల్వ్‌ని తన గదిలోకి పిలిచాడు. "మన పన్నెండు మంది ఏజెంట్లలో వెన్నెల మనిషి ఇంకొకడున్నాడట. అందర్నీ వరుసగా ప్రశ్నించాలి. ఎక్కణ్ణుంచి మొదలుపెడదాం?"

"చివరి నుంచే సార్," అన్నాడు ట్వెల్వ్ టక్కున.

చీఫ్ లిస్టు తిరగేసి ఆఖరి పేరు చదివాడు, "ఏజెంట్ ట్వెల్వ్." తలుపు గడియ వేశాడు.

"అయితే కూర్చో. ముందు ఆ మీసం తీసి బల్ల మీద పెట్టు."