కావలి గాజు

భీమిలి తీరానికి ఎదురుగా, సముద్రం మీద తేలే కాలనీలో ఇళ్ళు ఆటుపోట్లకు మెల్లగా లేచి దిగుతుంటాయి. 2079లో దాన్నెవరూ పట్టించుకోరు. పొయ్యి మీద కూర మాడబోతే గోడే గమనించి మంట ఆపేస్తుంది. అంత తెలివైన ఇంట్లో కూర్చుని సువర్చల పొద్దుటినుంచీ తన చేతి గాజుతో పోట్లాడుతోంది.

ఆ గాజును కనిపెట్టింది ఆమే. పేరు కావలి గాజు. రక్తంలోకి ఎక్కించిన నానో సెన్సార్లు, అంటే కావలి రేణువులు, ఒళ్ళంతా గస్తీ తిరుగుతుంటాయి. క్యాన్సర్ కణితి నుంచి ఏ కణమైనా తప్పించుకుని పారిపోతుంటే పసిగట్టి గాజుకు కబురు పంపుతాయి. అప్పుడు గాజు ఎర్రబడుతుంది. లేదంటే పచ్చగా ఉంటుంది. అడిగితే జవాబూ చెబుతుంది, తనకు తెలిసినంత వరకే. "పాపం, రోగికి ఒక తీపి మాట చెబితే మన సొమ్మేం పోయింది?" అని తోటి శాస్త్రవేత్తలు ఎంత బతిమాలినా సువర్చల ససేమిరా అంది. తన యంత్రం అబద్ధమాడదని భీష్మించుకు కూర్చుంది.

ఇప్పుడు ఆమె రొమ్ములోనే కణితి. ఆపరేషన్‌కు ముందే కీమో ఇచ్చి దాన్ని కుదించాలన్నారు. రెండు విడతలు అయ్యాయి, మూడోది ఇవాళ మధ్యాహ్నం. సరిగ్గా ఇవాళే ఒక కొత్త పరిశోధన ఆమె కంట పడింది. కీమో మందు కణితిని కుదిస్తూనే, కొందరిలో దాని చుట్టూ ఉన్న రక్తనాళాల్లో సన్నని తలుపులు తెరుస్తోందట. వాటిలోంచి కణాలు జారుకోవచ్చట.

"పారిపోయిన కణాలున్నాయా?" అని అడిగింది, ఎన్నోసారో.

"ఈ క్షణానికి లేవు," అంది గాజు.

"ఇవాళ్టి మందు ఎక్కించుకుంటే?"

"తెలియదు."

"ఒట్టి మొద్దువి."

"ప్రశ్న అర్థం కాలేదు. మళ్ళీ అడగండి."

డాక్టర్ ఫిరోజా గోడ మీద ప్రత్యక్షమైంది. ఒకప్పుడు సువర్చల దగ్గరే చదువుకున్న పిల్ల. "నేనూ చదివాను మేడమ్. వాళ్ళు చూసింది కొద్దిమందినే. తలుపులు తెరుచుకోవడం చూశారు గానీ, దానివల్ల జబ్బు పాకిందని ఎక్కడా తేల్చలేదు. ఆపరేషన్‌కు ముందు కీమో తీసుకున్న వేలమందిని మనం ఏళ్ళ తరబడి గమనించాం, వాళ్ళకు నష్టమేం కనబడలేదు. మీ కణితి సగానికి తగ్గింది. ఇప్పుడు మధ్యలో ఆపేస్తేనే ప్రమాదం."

"నాకు మాత్రం పాకదని చెప్పగలవా?"

ఫిరోజా తల దించుకుంది. "తెలియనిది తెలియదనే చెప్పాలని నేర్పింది మీరే కదా."

గోడ మామూలుగా అయిపోయింది. సువర్చల వంటింటి వైపు తిరిగి, "అక్కా, నేను ఆసుపత్రికి రానని చెప్పెయ్," అంది.

తాయారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి, ఎంతటివాళ్ళనైనా బెంచీ ఎక్కించే గొంతు. ఆ గొంతే ఇవాళ మెత్తబడింది. "ఏటే, భయమేస్తోందా?"

"చాలా భయంగా ఉందక్కా."

"నాకూ ఉందే. లేదంటే నమ్ముతావా?" పక్కనే కూర్చుని చెల్లెలి చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది. "ఆ గాజు ఇలా తే. నీ చేతికుంటే తిండీ తిప్పలూ మానేసి దాన్నే చూస్తా కూర్చుంటావు."

"అది రోగి చేతికే ఉండాలి."

"ఎవరన్నారు?"

"నేనే. వాడుక నియమాల్లో రాశాను."

"రాసినప్పుడు నీకు జబ్బు లేదు కదే."

"మూరెడు దూరం దాటితే కబురందదు," అంది సువర్చల.

"అయితే మూరెడు దూరంలోనే ఉంటాను. నాకేం రాచకార్యాలున్నాయి?" తాయారు ఆ గాజు తీసి తన చేతికి ఎక్కించుకుంది. ఆడదాని చెయ్యి బోసిగా ఉండకూడదంటూ తన మట్టిగాజులు రెండు చెల్లెలికి తొడిగింది. సన్నబడిన ఆ చేతికి అవి మరీ వదులయ్యాయి. అది చూసి తాయారు ముఖం పక్కకు తిప్పుకుంది.

మధ్యాహ్నం, ఆసుపత్రిగా నడిచే పడవలో ఇద్దరూ ఒకే సోఫాలో ఇరుక్కుని కూర్చున్నారు. నర్సు మందు సంచీ తగిలించింది. తాయారు గాజును చెవి దగ్గర పెట్టుకుని, గుసగుసగా ఏదో అడిగింది. జవాబు ఆమెకొక్కతెకే వినిపించింది. చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమందక్కా?"

"ఏమంటుంది? నీకేం కాదంది. నిక్షేపంలా ఉంటావంది."

ఆ గాజుకు అలాంటి మాట రాదు. రాకుండా పదిమందితో పోట్లాడి మరీ తయారుచేసింది సువర్చలే. ఆ గొప్పను అక్క దగ్గర చెప్పుకున్నదీ ఆమే, ఒకసారి కాదు, విసుగొచ్చేదాకా. సువర్చల అక్క కళ్ళలోకి చూసింది. తాయారు చూపు తిప్పుకోలేదు.

"నిజంగా అలా అందా?"

"అంది."

"అయితే సరే," అని సువర్చల నర్సుకు చెయ్యి చాపింది.